ఐదు నుంచి ఐదున్నర దాకా నా ఆందోళన

ప్రతి ఇల్లాలికీ సర్టిఫికెట్ ఉన్న ఆందోళన ఒకటి ఉండి తీరాలని నా గట్టి అభిప్రాయం. నవ్వకండి! నాకు దొరికింది కాబట్టే చెబుతున్నాను.

సర్టిఫికెట్ లేని ఆందోళన పెళ్ళైన దగ్గర్నుంచీ ఉంది. పక్క మీద వాలగానే గ్యాస్ కట్టేశానా, వెనక తలుపు గడియ పెట్టానా, అమ్మాయి హాల్ టికెట్ ఎక్కడ పడేసింది అంటూ జాబితా మొదలయ్యేది. "అన్నీ అనవసరపు ఆలోచనలు" అని మావారు అటు తిరిగి పడుకునేవారు.

ఈమధ్య ఎవరో పరిశోధకులు నిద్ర పట్టనివాళ్ళు కావాలని ప్రకటన వేశారు. నాకంటే అర్హులెవరు? వెళ్ళాను. సైకాలజిస్టు చిన్నపిల్ల. నా జాబితా అంతా ఓపిగ్గా రాసుకుని, ఆందోళనకు రోజూ ఒక వేళ కేటాయించమంది. మిగతా అప్పుడు ఏ బెంగ వచ్చినా "సాయంత్రం ఐదింటికి రా" అని పంపించెయ్యాలట. ఐదు నుంచి ఐదున్నర దాకా తలుపేసుకుని, కుర్చీలో కూర్చుని, శ్రద్ధగా ఆందోళన పడాలట. ఆ అరగంటా నన్నెవరూ పిలవకూడదని కాగితం మీద రాసి, ముద్ర కొట్టి ఇచ్చింది.

తెచ్చి ఫ్రిజ్‌కి అంటించాను. ఏం చెప్పమంటారు! ఇరవై రెండేళ్ళుగా నా మాట వినని ఇల్లు ముద్ర మాట వింది!

ఐదయ్యేసరికి మావారు టీవీ సౌండు తగ్గిస్తారు. కుక్కర్ విజిల్స్ అమ్మాయి లెక్కపెడుతుంది. చార్జర్లు ఎవరివి వాళ్ళే వెతుక్కుంటున్నారు, దొరుకుతున్నాయి కూడా! మా అత్తగారైతే, "ఎలాగూ కూర్చుంటావుగా, నా మోకాలి గురించి కూడా కాస్త బెంగపడి పెట్టమ్మా" అన్నారు. అది విని మావారు తన ప్రమోషన్ సంగతి చీటీ మీద రాసి తలుపు కిందనుంచి తోశారు. పక్కింటి టైలరమ్మ కాగితానికి జిరాక్స్ అడిగింది. ముద్ర స్పష్టంగా పడాలట.

ఇంతకీ లోపల నేనేం చేస్తున్నానంటారా? మొదటిరోజు నిజాయితీగానే కూర్చున్నాను. గ్యాస్‌తో మొదలుపెట్టాను. వెనక తలుపు దాకా రాకముందే గుర్రు పెట్టాను! ఇక రోజూ అంతే. ఆ చప్పుడుకి మా అమ్మాయి కంగారుపడితే, వాళ్ళ నాన్న గుసగుసగా అన్నారట: "మీ అమ్మ గట్టిగా ఆందోళన పడుతోంది. కదిలించకు."

నిన్న పరీక్ష. ఇరవై ప్రశ్నల కాగితం నాచేత నింపించి, చదివి సైకాలజిస్టు నా ముఖంలోకి చూసింది. "బాగా తేరుకున్నారండీ. ఇక ఆ అరగంట ఆపేద్దామా?"

ఆపెయ్యడమా! ఆ కాగితం వచ్చేదాకా, ఇరవై రెండేళ్ళలో మా ఇంట్లో నేను లోపల గడియ పెట్టుకున్న గది స్నానాలగది ఒక్కటే. అక్కడికీ వచ్చి తలుపు కొట్టి దువ్వెనెక్కడని అడిగేవారు! అరచేతులు చెమట్లు పట్టాయి. పెన్ను జారిపోయింది.

"అయ్యో, ఇంత ఆందోళనగా ఉన్నారేంటి?" అంది.

"అవునమ్మా," అన్నాను. ఒట్టు, ఒక్క ముక్క అబద్ధం లేదు.

పాపం, మంచిపిల్ల. నేను వెంట తెచ్చిన పాత కాగితం తీసుకుని, 'అరగంట' కొట్టేసి 'గంట' అని రాసి, పక్కన ఇంకో ముద్ర కొట్టింది.

ఇంటికొచ్చి ఫ్రిజ్‌కి అంటించాను. మావారు కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, అత్తగారితో మెల్లగా చెప్పారు.

"జబ్బు ముదిరిందమ్మా. రేపట్నుంచి సాయంత్రం కాఫీ నువ్వో నేనో పెట్టుకోవాలి."