రాఘవులుగారి విమానంలో పక్క సీటు

సింగపూర్ తెలుగువారందరికీ తెలియజేయడమేమనగా, యూ టీ పేటలో తొమ్మిదో అంతస్తులో ఉంటున్న రాఘవులుగారి హాల్లో ఒక విమానం ఉంది. ఇందులో వింతేమీ లేదు. సోఫా తీసేశారు కాబట్టి చోటు సరిపోయింది. వచ్చినవాళ్లు విమానంలోనే కూర్చుని కాఫీ తాగుతారు.

బస్సు డిపోలో ఇంజన్లు బాగుచేసి రిటైరైన రాఘవులుగారికి శ్రేయోభిలాషులు ఉదయం నడక, సాయంత్రం భజన సూచించారు. ఆయన రెండూ శ్రద్ధగా విని, విడిభాగాలుగా వచ్చే రెండు సీట్ల విమానాన్ని పెట్టెల్లో తెప్పించుకున్నారు. ముత్తాత విశాఖ నుంచి ఓడ డెక్కు మీద వాంతులు చేసుకుంటూ వచ్చాడట. ఆ వంశంలో ఒక్కడైనా గాలిలో తిరగాలని, అదీ తన చేత్తో బిగించిన దాంట్లో, పక్కన ఇంకో మనిషి "అబ్బ!" అంటుండగా తిరగాలని ఆయన కోరిక. ఆ "అబ్బ!" లేకపోతే ఎగిరినా ఎగరనట్టే.

మన ఫ్లాట్లు విమానాల కొలతలకు కట్టినవి కావు. అంచేత మొండెం యూ టీలోనూ, రెక్కలు హౌగాంగ్‌లో కొడుకింట్లోనూ, తోక బెడోక్‌లో కూతురింట్లోనూ తయారయ్యాయి. ఆ లెక్కన దీవి ఈ కొస నుంచి ఆ కొస దాకా పరుచుకున్న, ప్రపంచంలోకెల్లా పొడవైన విమానం మన తెలుగువాడిదే. కోడలు హేమమాలిని కిటికీ ఎండలో రెక్క మీద వడియాలు పెట్టింది. బ్రహ్మాండంగా ఎండాయి. తీరా రెక్క అడిగితే, "ఇంకో వారం ఉంచండి మామయ్యా, గుమ్మడి వడియాలు ఇప్పుడు షిఫ్ట్ చేయడం కెనాట్ లా" అంది, కుదరదని సింగపూర్ యాసలో. విమాన నిర్మాణం వడియాలు ఎండేదాకా వాయిదా పడింది.

ఈలోగా తెలుగు సంఘం అధ్యక్షులు జనార్ధనరావుగారు శాలువాతో విచ్చేసి, ఎగరకముందే ఎగిరినందుకు సన్మానించారు. "ఎగరడానికేముందండీ, కాకులూ ఎగురుతున్నాయి! ఎగరాలనుకోవడం గొప్ప! రాఘవులుగారి పక్కన కూర్చుని మేఘాలను చీల్చుకుపోయే మొదటి వ్యక్తిని నేనేనని సభాముఖంగా ప్రకటిస్తున్నాను!" అంటూ జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి పక్క సీటు మీద పెట్టారు.

ఇక్కడ హాకర్ సెంటర్లో, అంటే చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకచోట ఉండే శాలలో, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ ఉంటే ఆ చోటు ఒకరిదని అర్థం. దాన్నే చోప్ చేయడమంటారు. ఆకలితో సొమ్మసిల్లబోయేవాడు కూడా ఆ ప్యాకెట్‌ను జరపడు. నాగరికత అంటే అదే.

సభ ముగిసినా ప్యాకెట్లు ముగియలేదు. గాలి ప్రవాహాల మీద పరిశోధన చేస్తున్న గీతాంజలి, చదువుకు మంచిదని ఒకటి పెట్టింది. కిరాణా కొట్టు బాబ్జీ వాళ్ల అత్తగారి కోసం పెట్టాడు, వెళ్లడానికి మాత్రమే. కాఫీ తాగిన ప్రతివారూ ఒకటి పెట్టి వెళ్లారు. ఇల్లాలు నాగరత్నంగారు రోజూ వాటిని వరస తప్పకుండా తీసి, దుమ్ము దులిపి, మళ్లీ అదే వరసలో పేర్చేవారు. ఆ గుట్టను చూసినప్పుడల్లా రాఘవులుగారు పొంగిపోయేవారు. ఇన్ని "అబ్బ!"లు!

ఆయన వారాంతాల్లో జలసంధి దాటి వెళ్లి, అవతలి దేశంలోని చిన్న విమానాశ్రయంలో నడపడం నేర్చి, లైసెన్సు సంపాదించారు. మొండెం ముక్కలై లిఫ్టులో నిలబడి కిందికి దిగింది. ప్యాకెట్లతో సహా అన్నీ అక్కడికి చేరి విమానమయ్యాయి. అది పరీక్షలన్నీ నెగ్గింది. రాఘవులుగారు తేదీ ప్రకటించారు.

అంతే, దీవిలో తెలుగు మోకాళ్లన్నీ ఒక్కసారిగా నొప్పిపెట్టాయి. గీతాంజలికి గాలి పడలేదు. బాబ్జీ అత్తగారు సంగతి తెలిసి అల్లుడింటికి రావడం మానేశారు కనుక అతనికిక విమానంతో పనిలేదు. జనార్ధనరావుగారు అదే రోజు "భయాన్ని జయించడం ఎలా?" అనే సభకు ముఖ్య అతిథి. ప్యాకెట్లు మాత్రం ఎవరూ వెనక్కి అడగలేదు. "ఉండనివ్వండి, తర్వాత చూద్దాం" అన్నారు.

రన్‌వే పక్కన నిలబడ్డ రాఘవులుగారికి ఏడుపొచ్చినంత పనైంది. పులిహోర డబ్బాతో సాగనంపడానికొచ్చిన నాగరత్నంగారు ఆ సీటు వంక చూశారు.

"నేనెక్కనాండీ?"

"నువ్వా? నీ ప్యాకెట్ లేదుగా?"

"సొంతింట్లో ఎవరైనా చోప్ చేస్తారా? మీరే అడుగుతారేవోనని చూశా."

ఆయనకు సిగ్గేసింది. ఆవిడ ప్యాకెట్లన్నీ సంచిలో వేసి ఒళ్లో పెట్టుకుని, ఒకరి చోట్లో కూర్చుంటున్నానే అని నొచ్చుకుంటూనే బెల్టు బిగించుకున్నారు.

నేల జారిపోయింది. "అబ్బ!" అన్నారు నాగరత్నంగారు. కింద సముద్రం కనబడగానే "అబ్బబ్బ!" అన్నారు. విమానం ఓ పక్కకు వాలేసరికి కెవ్వుమని, ఆపైన పకపకా నవ్వడం మొదలుపెట్టారు. ఆయనకూ నవ్వు ఆగలేదు. "ఇంకోసారి వంచండి, ఇంకోసారి!" అంటూ, నవ్వి నవ్వి వచ్చిన కన్నీళ్లను చేతికందిన ప్యాకెట్ చించి తుడుచుకున్నారు. అది జనార్ధనరావుగారిది.

దిగేసరికి ఫోన్ నిండా సందేశాలు. ఎలా ఎగిరారని ఒక్కరూ అడగలేదు. "మా ప్యాకెట్ భద్రమేనా అంకుల్?" అని అందరూ అడిగారు. ఉన్న సంగతి రాఘవులుగారు దాచకుండా చెప్పేశారు. సంఘం అత్యవసరంగా సమావేశమై, ఒకరి ప్యాకెట్‌ను మరొకరు గాలిలో తెరవడాన్ని ముక్తకంఠంతో ఖండించింది.

మిగతావన్నీ నాగరత్నంగారు దుమ్ము దులిపి జాగ్రత్త చేశారు. పాఠకులు కంగారుపడనవసరం లేదు. మీరెప్పుడో పెట్టి మరిచిపోయిందీ అందులోనే ఉంది. సీటు మాత్రం ఖాళీ లేదు.