తాతబాబు డప్పు, ఉమామహేష్ గొప్పలు

పదింటికల్లా మావ డప్పును కంప్యూటర్లోకి ఎక్కించేసి, పదకొండింటికి చేపల బజారుకు పోవాలన్నది ఆ ఆదివారం పొద్దున్న ఉమామహేష్ వేసుకున్న పథకం. రెండువేల మూడో సంవత్సరం. స్టీల్ ప్లాంటులో ఎలక్ట్రీషియను, సెలవు రోజుల్లో పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో డ్రమ్ములు, పెందుర్తిలో రెండో అంతస్తు ఫ్లాటు. లోటల్లా కాస్త అణకువే.

నెల్లాళ్ళ క్రితం ఒక పెట్టె కొన్నాడు. డ్రమ్ముకి రూపాయి బిళ్ళంత సెన్సరు అతికిస్తే, కొట్టిన ప్రతి దెబ్బా మిడి అనే పద్ధతిలో కంప్యూటర్లోకి వెళ్ళిపోతుంది. తన డ్రమ్ములు అందులో అసలుకన్నా గొప్పగా మోగేసరికి అది తన చేతి మహిమే అనుకున్నాడు. అనుమానం రావలసిన చోట ఆనందం వచ్చింది.

మావ తాతబాబు పెదజాలరిపేటలో నలభై ఏళ్ళు గంగమ్మ పండక్కి డప్పు వాయించినవాడు. ఆ తోలు ఆయన తండ్రి స్వయంగా బిగించినది. ఇప్పుడు భుజం పట్టేసింది, ఇక వాయించొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆఖరుసారి ఒక్కసారి వాయిస్తే దాచుకోవాలని ఆయన కూతురు, ఉమామహేష్ భార్య సాయిదుర్గ ఆశ. అందుకే ఆయన నిన్న సాయంత్రం చేతికి కట్టుతో, చంకలో డప్పుతో దిగాడు.

"బావా, టేప్ రికార్డరు పెట్టీమంటావా?" అంది సాయిదుర్గ.

"ఇంకా కేసెట్లేటే? అందులో కుక్క అరిసినా పడిపోద్ది. నా మిషనుకి డప్పు తప్ప ఇంకేటీ ఇనపడదు."

సాయిదుర్గ ఫ్రిజ్ మీది టేప్ రికార్డర్లో క్యాసెట్టు పెట్టింది.

కాచకుండా డప్పు పలకదు. తాతబాబు గుమ్మం బయట పాత పేపర్లు, ఎండు కొబ్బరాకులు వేసి మంట పెట్టి, తోలు కాచి తెచ్చాడు. సాయిదుర్గ రికార్డు మీట నొక్కింది. సెన్సరు అతికిస్తూ ఉమామహేష్ పది నిమిషాలు తన పెట్టె గొప్పతనం వివరించాడు. తాతబాబు ఒక్క దెబ్బ వేశాడు. వేడికి అతికించిన ప్లాస్టరు ఊడి సెన్సరు కింద పడింది.

"ముందు ఆ డబ్బా ఆపీయే, సిరాగ్గా ఉంది!" అని ఆ కోపం టేప్ రికార్డరు మీద చూపించి, ఉమామహేష్ ఇనుమును ఇనుముకు అతికించే జిగురు తీశాడు. ఈసారి సెన్సరు కదల్లేదు.

తాతబాబు వాయించడం మొదలుపెట్టాడు. కింది వాటా సూర్యకాంతమ్మ నిన్న ఆ కట్టు చూసింది. ఇప్పుడు గుమ్మం ముందు నిప్పు, లోపల డప్పు. అంతకంటే రుజువేం కావాలి? అపార్ట్‌మెంటు సెక్రటరీ జగ్గారావు పూలదండ తెప్పించాడు. పది నిమిషాల్లో మెట్ల నిండా జనం. తలుపు తీసినవాడు తాతబాబే.

"అయ్యో, నిన్న సాయంత్రమే కదా సూసేను! ఏ టైముకి పోనారు నాయనా?" అంది సూర్యకాంతమ్మ కళ్ళు తుడుచుకుంటూ, తల ఎత్తకుండానే.

"ఎవులమ్మా పోనారు?" అన్నాడు తాతబాబు.

జగ్గారావు దండ వెనక్కి దాచుకున్నాడు.

"దాసుకోడం ఎందుకు బాబూ? తెచ్చినారు గదా, డప్పుకెయ్యండి."

వేశారు. అందరూ కూర్చున్నారు. మనుషుల్ని చూసేసరికి తాతబాబు భుజం సంగతి మర్చిపోయాడు. కట్టు విప్పేసి గంట సేపు వాయించాడు. సూర్యకాంతమ్మ కళ్ళు తుడుచుకుంది, ఈసారి నిజంగానే. అంత బాగా ఆయన పండగల్లో కూడా వాయించలేదు.

అందరూ వెళ్ళాక ఉమామహేష్ సెన్సరు లాగాడు. జిగురు వదల్లేదు, తోలు వదిలింది. చర్రుమని అరచేయంత చిరుగు. పక్కనే ఆ దండ.

తాతబాబు ముఖం పాలిపోయింది. "ఏటీ అయిపోలేదు మావా, మొత్తం ఇందులో ఉంది," అంటూ ఉమామహేష్ కంప్యూటరు నొక్కాడు.

పియానో మోగింది.

"ఇదేట్రా అల్లుడూ? నా డప్పు ఏదీ?"

ఉమామహేష్ మీటలన్నీ నొక్కాడు. గంటలు మోగాయి, బాకాలు మోగాయి, ఏ దేశానివో డ్రమ్ములు మోగాయి. ఎక్కడ కొట్టాడో, ఎంత గట్టిగా కొట్టాడో అన్నీ ఉన్నాయి. డప్పు మాత్రం లేదు. పెట్టె రాసుకున్నది దెబ్బల లెక్కే, ఆ ధ్వని దాని చెవిన పడనే లేదు. మోగేవన్నీ కంప్యూటర్లో ముందే ఉన్న ధ్వనులు. డప్పు తప్ప ఇంకేమీ వినపడదన్నాడు, డప్పు కూడా వినపడదని తెలుసుకోలేదు. తన డ్రమ్ములు అంత బాగా ఎందుకు మోగాయో కూడా అప్పుడే అర్థమై సిగ్గుతో చచ్చిపోయాడు. కొత్త తోలు వేయించొచ్చు. మావ తండ్రిని తెచ్చి బిగించమనలేడు, మావ భుజాన్ని ఇంకో గంట అడగలేడు.

సాయిదుర్గ ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి క్యాసెట్టు వెనక్కి తిప్పింది. "సూడు మావా, నా మిషను..." అంటూ ఉమామహేష్ గొంతు పది నిమిషాలు సాగింది. తర్వాత ఒక్క దెబ్బ, ధణ్‌మని. ఆ వెంటనే, "ముందు ఆ డబ్బా ఆపీయే!"

తాతబాబు కళ్ళు మూసుకున్నాడు. "నాదే. మళ్ళీ ఎయ్యమ్మా."

ఆ క్యాసెట్టు ఇప్పటికీ ఉంది. ఆ ఒక్క దెబ్బా ఎక్కడ దాటిపోతుందోనని ఎవరూ దాన్ని ముందుకు తిప్పరు. అందుకే ఆ ఇంట్లో మావ డప్పు వినాలంటే, ముందు పది నిమిషాలు ఉమామహేష్ గొప్పలు వినాలి.