రేపటి కార్యక్రమం రద్దు

ఆ రోజు పొద్దున భాస్కర్ వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ముగ్గురు కస్టమర్ల వెబ్‌సైట్లను సాయంత్రంలోగా వాళ్ళ చేతికే అప్పగించాలి. మర్నాడు బూర్గంపాడులో మరదలి నిశ్చితార్థానికి వేళకు చేరాలి. మరదలి ఓణీల ఫంక్షన్ నాడు భద్రాచలం లాడ్జివాళ్ళ వెబ్‌సైట్‌లో ఫోటో మార్చాలని విస్తరి ముందు నుంచి లేచి వచ్చాడు. అత్తగారి గృహప్రవేశం నాడు బడివాళ్ళ ఫోన్ నంబర్లో ఒక అంకె మార్చాలని అసలు వెళ్ళనే లేదు. ఒక్క అంకె! దానికి మనిషి బతుకంతా కంప్యూటర్‌కు కట్టేసుకుని కూర్చోవాలా?

"ఈసారి గూడ రాకుంటే మా అమ్మగారింటికి ఇంకెప్పుడూ రాకున్రి," అంది భార్య జ్యోత్స్న, చీరలు సర్దుకుంటూ.

"వస్త. దగ్గరుండి జరిపిస్త. షామియానా, కుర్చీలు, భోజనాలు అన్నీ మా రామకృష్ణకే చెప్పిన గదా," అన్నాడు భాస్కర్.

రామకృష్ణది పాల్వంచలో టెంట్‌హౌస్. భాస్కర్ చేసిపెట్టిన మూడు వెబ్‌సైట్లలో అతనిదొకటి. రెండోది భద్రాచలంలో లాల్‌సింగ్ లాడ్జిది, మూడోది పాల్వంచలోనే సుజాత నడిపే బడిది. ఎవరి రాతలు వాళ్ళే మార్చుకునే ఏర్పాటు ఒకటి పెడితే ఈ ఫోన్ల పీడ విరగడవుతుందని భాస్కర్ నెల రోజులు వెతికాడు. పదకొండు రకాలు చూశాడు. ఒకదాన్ని తెరిస్తే థర్మల్ స్టేషన్ కంట్రోల్ రూములో కన్నా ఎక్కువ మీటలు కనిపించాయి. ఇంకొకటి పేరు మార్చడానికి నాలుగు పేజీలు తిప్పింది. చివరికి పన్నెండోది దొరికింది. రాతను నొక్కు, చెరుపు, కొత్తది కొట్టు, 'సేవ్' నొక్కు. అంతకన్నా సులువైంది భూమ్మీద లేదు.

మూడు పాస్‌వర్డ్‌లు ఇస్తే ముగ్గురూ మరిచిపోతారు, మళ్ళీ మూడు ఫోన్లు. అందుకని ముగ్గురినీ ఒకే ఖాతా కిందికి తెచ్చి ఒకే పాస్‌వర్డ్ ఇచ్చాడు. ఎవరి పేజీలు వాళ్ళవే. పైన ఉండే నోటీసు పెట్టె మాత్రం ముగ్గురికీ ఒకటే అయి కూర్చుంది. భాస్కర్ పరీక్షించింది ఒక్క సైటునే కాబట్టి ఆ సంగతి అతనికి తెలియలేదు.

"నేర్చుకున్నరు గద? ఇంక దేనికీ నాకు ఫోన్ చెయ్యొద్దు," అని ముగ్గురికీ గట్టిగా చెప్పాడు.

రోజూ భాస్కర్‌తో రాయించుకునే మర్నాటి ఆర్డరును మొదట రామకృష్ణ తనే నోటీసు పెట్టెలో, 'రేపు బూర్గంపాడు నిశ్చితార్థం. షామియానా, వంద కుర్చీలు, భోజనాలు' అని రాసుకున్నాడు. లాల్‌సింగ్ తన సైటు తెరిచి, ఇది భాస్కర్ నమూనాకు పెట్టిందనుకుని చెరిపేశాడు. శ్రీరామనవమి రద్దీతో లాడ్జి అప్పటికే నిండిపోయింది కాబట్టి 'గదులు లేవు. ఎవరూ రావద్దు' అని కొట్టాడు. పావుగంటలో సుజాత ఫోన్ చేసింది.

"నా బడిల గదులు లేవని రాసినరేంది? తల్లిదండ్రులు నన్ను నిలదీస్తున్నరు!"

"మీరే ఏదో నొక్కిన్రు మేడం. సిస్టమ్ తప్పు చెయ్యదు."

"నా బడి మీద నేనే గట్ల రాసుకుంటనా?"

ఆమె కోపంగా దాన్ని చెరిపి 'గదులు చాలా ఉన్నాయి. పిల్లలను వెంటనే తీసుకురండి' అని రాసింది. ఈసారి లాల్‌సింగ్ వంతు.

"భాస్కరన్నా, నేను వరండాల గూడ మంచాలేసిన. పిల్లలను తీస్కరమ్మని పిలుస్తున్నవేంది?"

భాస్కర్‌కు ఒళ్ళు మండింది. చిన్నపిల్లాడైనా నేర్చుకునే పనిని ముగ్గురు పెద్దమనుషులు చేసుకోలేకపోతే తప్పు తనదా? "నొక్కింది మీరు, మాటలు పడేది నేను!" అని ఫోన్ పెట్టేశాడు. ఇద్దరూ మధ్యాహ్నమంతా ఒకరి రాత ఒకరు చెరుపుకున్నారు. తల్లిదండ్రులకు జవాబు చెప్పలేక సుజాత ఐదింటికి మర్నాటి పేరెంట్స్ మీటింగే మానుకుంది. 'రేపటి కార్యక్రమం రద్దు. ఎవరూ రావద్దు' అని రాసింది. ఎవరూ రాకపోవడమే లాల్‌సింగ్‌కూ కావాలి. అందుకని దాన్ని ముట్టుకోలేదు.

ఆ తర్వాత ఒక్క ఫోన్ రాలేదు. "చూసినవా? సిస్టమ్ అంటే గిట్ల ఉండాలె," అని భాస్కర్ పెళ్ళాం ముందు ఛాతీ విరుచుకున్నాడు.

మర్నాడు తొమ్మిదింటికల్లా బూర్గంపాడులో బస్సు దిగారు. వాకిట్లో షామియానా లేదు. కుర్చీ లేదు. వంట మనిషీ లేడు. మండుటెండలో అత్తగారు భారతమ్మ ఒక్కతే నిలబడి ఉంది.

"అల్లుడా, మగపిల్లగానోళ్లు మణుగూరుల బస్సు ఎక్కిన్రట. నీ షామియానా యాడ?"

భాస్కర్ రామకృష్ణకు ఫోన్ కలిపాడు. "బండి ఇంకా రాలేదేందన్నా?"

"ఏ బండి సార్? మీరే రద్దు చేస్తిరి గదా! రోజు లెక్కనే రాత్రి నెట్ల నుంచి కాయితం తీసి, ముద్ర గుద్ది, గోడౌన్ల సామాన్లు చూసే రూప్లాకు ఇచ్చిన. ముద్ర కాయితం లేకుండ రూప్లా గిన్నె గూడ కదపడు. పని లేదని ఇయ్యాల తండాకు పోయిండు."

"రద్దని కనపడంగనే నాకొక ఫోన్ చెయ్యొద్దా!" భాస్కర్ అరిచాడు.

"దేనికీ ఫోన్ చెయ్యొద్దని మీరే చెప్తిరి గద సార్."

భాస్కర్‌కు ముగ్గురి నోటీసూ ఒకటేనని అప్పుడు, ఆ ఎండలో, అర్థమైంది. ఎవరి మీద మండిపడాలో తెలియక కాసేపు సెల్‌ఫోన్ మీదే మండిపడ్డాడు. చివరికి సిగ్గు విడిచి సుజాతకే ఫోన్ చేశాడు.

"మీటింగ్ ఎట్లాగూ లేదు. బెంచీలు ఖాళీగనే ఉన్నయ్, పంపిస్త," అందామె. "గదులు గూడ కావాల్నా?"

బడి వ్యాన్‌లో యూకేజీ బెంచీలు దిగేసరికి మగపెళ్ళివారు అరగంటగా వేపచెట్టు కింద నిలబడి ఉన్నారు. బొగ్గు గనిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన వరుడి తండ్రి మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఉంగరాలు మార్పించాడు. భారతమ్మ ఇరుగుపొరుగును పోగేసి పులిహోర కలిపింది. ఎవరూ అల్లుడిని పలకరించలేదు.

"పెళ్లయినప్పటి సంది మా ఇంటి ఫంక్షన్‌కు టైముకు వచ్చింది ఇదొక్కసారే," అంది జ్యోత్స్న విస్తరి వేస్తూ. "రాకుంటేనే మంచిగుంటుండె."

సోమవారం ముగ్గురు కస్టమర్లూ కూడబలుక్కున్నట్టు ఒకే మాట చెప్పారు: ఆ నొక్కుడు, చెరుపుడు తమవల్ల కాదు, పాత పద్ధతే సులువు. పన్నెండు సిస్టమ్‌లలో ఒక్కటీ నిలవలేదు గానీ, భాస్కర్ సెల్‌ఫోన్ మాత్రం నేటికీ ఏ లోపమూ లేకుండా పనిచేస్తోంది.