ఏ వయసులో రప్పించమంటారు?

సెలవులకి ఇంటికొచ్చే పిల్లలు ఏ వయసులో రావాలో తల్లిదండ్రులు ఏప్రిల్ పదో తారీకులోగా దరఖాస్తులో రాసివ్వాలి కనుక, కాకినాడలో మాణిక్యం పొద్దున్న ఏడింటికే వేసవి రాకపోకల కార్యాలయం ముందు నిలబడింది. ఆఫీసు తెరిచేది పదిన్నరకి. ఏం చేస్తుంది, ఇంట్లో కాలు నిలవలేదు. జంతికల పిండి పట్టించింది, మామిడి తాండ్ర తెప్పించింది, బుట్టచేతుల గౌను కుట్టించేసింది. టైలరుకి కొలతలు ఇవ్వక్కర్లేదు, పదకొండేళ్లుగా అవే.

కూతురు హైమకి ముప్పై నాలుగేళ్లు. పుణేలో ఉద్యోగం. ఏటా వేసవిలో ఏడేళ్ల పిల్లగా వచ్చి వెళుతోంది.

పద్ధతి కష్టమేమీ కాదు. ప్రయాణికులు ఉన్న వయసుతోనే రైలెక్కుతారు, సామర్లకోటలో దిగేసరికి దరఖాస్తులో రాసిన వయసుకి వస్తారు. ఆ వయసు తర్వాత జరిగినవేవీ వాళ్లకి గుర్తుండవు. ఫోనూ కళ్లజోడూ లాంటివి గుడ్డసంచీలో కట్టి స్టేషన్లో భద్రపరిచి, తల్లికి రసీదు ఇస్తారు. ఎనిమిదో రోజున రైలెక్కిస్తే ఎవరి వయసు వాళ్లకి వచ్చేస్తుంది. ఇంతవరకూ ఫిర్యాదులు లేవు.

ఈసారే చిన్న చిక్కు. వారం కిందట హైమ ఫోన్ చేసింది. "అమ్మా, ఈసారి నన్ను ముప్పై నాలుగులోనే రప్పించవే. నీకో సంగతి చెప్పాలి. ఫోన్లో చెప్పేది కాదు, నీ పక్కన కూర్చుని చెప్పాలి."

ఆ గొంతులో ఏదో తేడా ఉందని మాణిక్యానికి తెలిసింది. అలాగేనమ్మా అని మాటిచ్చింది. ఆఫీసుకి వచ్చే దారంతా ముప్పై నాలుగు, ముప్పై నాలుగు అనుకుంటూనే వచ్చింది.

"ఉన్న వయసైతే రెండో కిటికీ అండి," అన్నాడు గుమాస్తా. అక్కడ వరసలో ఎవరూ లేరు. కిటికీ లోపల బల్ల మీద ఆయన టిఫిన్ క్యారియర్ ఉంది. దాన్ని పక్కకి జరుపుతూ మర్యాదగానే చెప్పాడు. "ఆయ్, రాసుకుంటానండి. కానీ ముప్పై నాలుగంటే ఒళ్లో కూర్చోదండి. జెయింట్ వీలుకి రమ్మంటే రాదు. కిందటేడాది ఒకావిడ అలాగే రప్పించుకుని, కబుర్లు విని, ఎనిమిది రోజులూ అన్నం ముట్టలేదండి."

"గౌను కుట్టించేశానండి," అంది మాణిక్యం.

"మరింకేం?"

ఈ ఒక్క ఏడాదికీ అనుకుంటూ మొదటి కిటికీకి వెళ్లి ఏడు అని రాసేసింది. రాయగానే పట్టలేనంత సంతోషం వేసింది.

మే నెలలో హైమ గంతులేస్తూ రైలు దిగింది. స్టేషన్లో ఇచ్చిన రసీదులో ఫోను ఒకటి, కళ్లజోడు ఒకటి, ఆసుపత్రి ఫైలు ఒకటి అని ఉంది. మాణిక్యం కళ్లజోడు దాకా చదివి, మడిచి పర్సులో పెట్టుకుంది.

ఆ ఎనిమిది రోజులూ ఒకటే సందడి! ఉప్పాడ తీరం, పుల్ల ఐసులు, ఎగ్జిబిషన్లో మూడుసార్లు జెయింట్ వీలు. భర్త ప్రకాశరావు అరవై ఆరేళ్ల వయసులో కూతుర్ని భుజాలకెక్కించుకుని నడుం పట్టేయించుకున్నాడు, అదీ నవ్వుతూనే. ఏటా నాలుగో రోజున ఊడే ముందు పళ్లు రెండూ ఈ ఏడాదీ ఊడాయి. ఎప్పట్లాగే డాబా మీదికి విసిరారు. అక్కడ ఇప్పుడు ఇరవై నాలుగు పళ్లున్నాయి.

ఏడో రోజు సాయంత్రం ఇసుకలో గూడు కడుతున్న హైమ చటుక్కున ఆగింది.

"అమ్మా, నీకేదో చెప్పాలని వచ్చాను."

"ఏంటమ్మా?"

"గుర్తు రావట్లేదే," అంది పిల్ల. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఎందుకో తనకీ తెలీదు. మాణిక్యానికి తను రాసిన అంకె గుర్తొచ్చి సిగ్గేసింది. పిల్లని దగ్గరికి తీసుకుని మొక్కజొన్న పొత్తు కొనిచ్చింది. పిల్ల ఊరుకుంది.

రైలు కదిలేటప్పుడు తల్లిదండ్రులు గోడవైపు తిరిగి నిలబడాలని నిబంధన. ప్లాట్‌ఫారం నిండా అమ్మానాన్నలు గోడకేసి చూస్తూ చేతులు వెనక్కి ఊపుతున్నారు. మాణిక్యం ఈసారి ఉండబట్టలేక తిరిగింది. కిటికీ అద్దం వెనక, తలకి గుడ్డ కట్టుకున్న ఆడమనిషి ఒకతె రెండు చేతులూ అద్దానికి ఆనించి ఏదో చెబుతోంది. మాట వినపడలేదు. మాణిక్యం నవ్వి చెయ్యి ఊపింది.

"ఏమంటోందే?" అన్నాడు ప్రకాశరావు, గోడవైపు నుంచే.

"వచ్చే ఏడాది చెబుతుందిలెండి."

ఇంటికి చేరేసరికి పక్కింటి శేషారత్నం గేటు దగ్గరే ఉంది. "ఏవమ్మా, అమ్మాయి విశేషాలేంటి?"

"బ్రహ్మాండంగా ఉందండి! ముందు పళ్లు రెండూ ఊడాయి."

"మావాడూ అంతేనమ్మా, నిన్న పలక పగలగొట్టేశాడు!" అంది ఆవిడ మురిసిపోతూ. వాళ్లబ్బాయికి నలభై నాలుగు.

ఇద్దరూ అక్కడే నిలబడి చీకటిపడేదాకా పిల్లల కబుర్లు చెప్పుకున్నారు. లోపలికొచ్చాక మాణిక్యం, స్టేషన్ గుమ్మంలో పంచిన వచ్చే ఏడాది దరఖాస్తు తీసి, మర్చిపోతానేమోనని అప్పుడే ఏడు అని రాసి, గౌను మడత కింద పెట్టింది.