గట్టయ్య బంద్

ఆ సెలవురోజు పొద్దున్నే కూలర్ బాగు చేసుకోవాలనుకున్నాడు గట్టయ్య. ఎండలు ముదిరాక గోదావరిఖనిలో కూలర్ లేని క్వార్టర్‌లో ఉండటమంటే కుండలో ఉడకడమే. పాత గడ్డి తీసేసి కొత్తది కట్టి, మోటారుకు ఇంత నూనె పోసి, మధ్యాహ్నం కోడికూర తిని ఆ చల్లగాలికి పడుకోవాలని అతని ఆశ. భార్య ఐలవ్వను అడిగి పాతగుడ్డ తెచ్చుకుని వరండాలో కూర్చున్నాడో లేదో, లోపల ఫోనులో మాట్లాడుతున్న కొడుకు గొంతు వినిపించింది.

"గట్టయ్యను పోయినవారమే బంద్ చేసిన మేడం. ఇగ మీ కాడికి రాడు. ఎన్నిసార్లు అచ్చినా నడుమనే ఆగిపోతడు."

గట్టయ్య చేతిలో గుడ్డ అట్లాగే ఉండిపోయింది. కన్నకొడుకు బాపు అనకుండా పేరు పెట్టి మాట్లాడటమే విడ్డూరం. ఆపైన ఈ బంద్ ఏమిటి? ఇంతలో వేణుమాధవ్ బయటికొచ్చి, చాయ్ కూడా తాగకుండా, తండ్రి ముఖం వైపు చూడకుండా, "జర అర్జంటు పనుంది" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

వేణుమాధవ్ చౌరస్తా దగ్గరి ఓ ప్రైవేటు పరీక్షల కేంద్రంలో కంప్యూటర్లు చూసుకుంటాడు. రక్తం చూసే మిషన్లూ ఎక్స్‌రే మిషన్లూ చెప్పిన ఫలితం ఇటు డాక్టరు కంప్యూటర్‌కూ, అటు పరీక్ష చేయించుకున్న మనిషి ఫోనుకూ చేరేటట్టు చూడటం అతని ఉద్యోగం. గని కార్మికుల ఆరోగ్య పరీక్షలు ఈసారి ఆ కేంద్రంలోనే జరిగాయి. గట్టయ్య కూడా పోయినవారం వెళ్ళి రక్తమిచ్చి, ఛాతీకి ఫొటో తీయించుకుని వచ్చాడు.

పక్క క్వార్టర్ బుచ్చన్న పళ్ళు తోముకుంటూ గోడ దగ్గరికొచ్చాడు. ఇద్దరిదీ ఒకే బొగ్గుబావి, ఒకే షిఫ్టు.

"గట్టన్నా, నీ రిపోర్టు అచ్చిందా? నాకు మొన్ననే ఫోన్‌ల అచ్చింది. షుగరు జరంత ఉన్నదట, గంతే."

"నాకు రాలే."

"రాలేదా? మనోళ్లందరికి అచ్చినయ్ గద." బుచ్చన్న గొంతు తగ్గించాడు. "మంచి రిపోర్టు జల్ది వస్తది అన్న. ఏదన్న ఉంటెనే లేటైతది."

గట్టయ్యకు పొద్దున కొడుకు ఫోనులో అన్న మాట గుర్తొచ్చింది. గని కార్మికుడు ఆరోగ్యం చెడి డ్యూటీకి పనికిరాడని మెడికల్ బోర్డు తేల్చితే, అతని బదులు కొడుక్కి ఉద్యోగం దొరుకుతుంది. అందుకే ఆ ప్రాంతంలో 'అన్‌ఫిట్' అనే మాట తండ్రి చెవికి ఒకరకంగా, కొడుకు చెవికి మరోరకంగా వినిపిస్తుంది. వేణుమాధవ్‌ది పర్మినెంటు ఉద్యోగం కాదు. ఆ కారణంగానే సంబంధాలూ కుదరడం లేదు. గట్టయ్య బంద్ అయితే వేణుమాధవ్ చాలూ అవుతాడు. లెక్క చక్కగా కుదిరింది. కుదిరినకొద్దీ గట్టయ్యకు ఒళ్ళు మండింది.

లోపలికెళ్ళి తినడానికి కూర్చుంటే పళ్ళెంలో, రోగికి బలానికి పెట్టినట్టు, గుడ్డు కనిపించింది.

"గుడ్డెందుకు పెట్టినవ్?"

"ఎందుకేంది? కోడి పెట్టింది, నేను ఉడకవెట్టిన," అంది ఐలవ్వ.

"పోరడు నా గురించి నీకేమన్న చెప్పిండా?"

"ఏమని?"

"రిపోర్టు గురించి."

ఐలవ్వ గరిటె కింద పెట్టింది. "ఏమున్నది రిపోర్టుల?"

"అసలు రాలేదనే చెప్తున్న."

"రాకుంటె మొకం గట్లెందుకు పెట్టినవ్? నీకేదో అయింది. నాకు చెప్తలేవు."

కొంగుతో కళ్ళొత్తుకుంటూ ఆమె ఫోను తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. పెనిమిటి తన దగ్గర రోగం దాస్తున్నాడని ఆమె అనుమానం. తనను దించేయడానికి తల్లీకొడుకులు కలిసే నడుస్తున్నారని గట్టయ్య అనుమానం. గుడ్డును ఇటూ అటూ తిప్పి చూసి, తినకుండానే లేచాడు.

మోటారు నూనె కోసం కిరాణా కొట్టుకు వెళ్ళేసరికి బుచ్చన్న అతనికంటే ముందే ఆ దారిన పోయి ఉన్నాడు. గట్టయ్య రిపోర్టు ఆగిందని అతను చాయ్ హోటల్లో చెప్పాడు. అది మంగలిషాపు చేరేలోపు రిపోర్టులో ఏదో తేలింది. కిరాణా కొట్టుకు వచ్చేసరికి గట్టయ్య అన్‌ఫిట్ అయిపోయాడు.

"కూసో అన్న, నిలవడకు," అని కొట్టతను స్టూలు తుడిచి వేశాడు. తర్వాత ముందుకు వంగి, "ఎవల పట్టుకున్నవే? మా బాపు గూడ అన్‌ఫిట్ కోసం ఎన్నేండ్లసంది తిరుగుతుండు. జర మాకు గూడ చెప్పరాదు," అన్నాడు.

"నేనెవల్ని పట్టుకోలే. నాకేం కాలే."

"గట్లనే అనాలె. నీ కొడుకు ఆన్నే పనిచేస్తడాయె. ఇంట్ల పనే."

గట్టయ్య నూనె తీసుకోకుండానే వెనక్కి తిరిగాడు.

మనసు బాగోక అక్కడా ఇక్కడా తిరిగి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేసరికి వరండాలో మిఠాయి డబ్బా, దాని పక్కన గోలేటి సారవ్వ కూర్చుని ఉన్నారు. సారవ్వ అతనికి దూరపు చెల్లెలు. తన కూతురు హర్షిణిని వేణుమాధవ్‌కు ఇమ్మని అడిగితే, కంప్యూటర్ నౌకరి కరెంటు లెక్క, ఎప్పుడు పోతదో తెల్వదని పోయినేడు కాదన్న మనిషి. ఐలవ్వ ఫోను పెట్టేయగానే గోలేటిలో బస్సెక్కి వచ్చేసింది.

"ఫికర్ చెయ్యకు అన్నా," అని ఆమె అతని చేయి పట్టుకుంది. "పిల్లలిద్దరి పెండ్లి ఈ నెలల్నే చేద్దాం. నువ్వు కండ్లార చూడాలె గద."

గుమ్మంలో ఐలవ్వ బావురుమంది. గట్టయ్యకు మొదటిసారి నిజంగా భయం వేసింది. వీళ్ళందరికీ తెలిసింది తనకొక్కడికే తెలియదా? చేయి విడిపించుకుని రోడ్డుమీదికొచ్చి ఆటో ఎక్కాడు.

పరీక్షల కేంద్రం కిటకిటలాడుతోంది. రిపోర్టు రానివాళ్ళంతా గట్టయ్యలాగే ఆగలేక వచ్చారు. కౌంటరు అమ్మాయి తలెత్తకుండా, "గట్టయ్య ఎవరు?" అని పిలిచింది. బెంచీల మీంచి మగవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడి, ఒకరినొకరు అనుమానంగా చూసుకున్నారు.

"నన్ను పిలిచిన్రు," అన్నాడు ఒకాయన. "నేను రామగిరి గట్టయ్యను."

"నాది బెల్లంపల్లి. నేను గూడ గట్టయ్యనే. నా రిపోర్టు నా తమ్ముడే ఆపిచ్చిండు, నాకెరుకే."

"నాది నా అల్లుడు," అన్నాడు రామగిరి గట్టయ్య.

మన గట్టయ్య కంప్యూటర్ గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాడు. వేణుమాధవ్ బల్ల కింద దూరి వైర్లు పీకి పెడుతున్నాడు. పక్కన డాక్టర్ శ్రీలేఖ నిలబడి ఉంది.

"పొద్దున్నించీ వైర్లు చూశావు, మిషన్లు చూశావు. అన్నీ పచ్చగానే ఉన్నాయంటావు. మరి వీళ్ళ రిపోర్టులు ఏమైనట్టు వేణూ?"

"అదే సమజైతలేదు మేడం. ఏడన్న తప్పుంటె ఎర్రలైటు రావాలె. మిషన్ పంపిందంటున్నది, మీ కంప్యూటర్ రాలేదంటున్నది."

"ఎట్లస్తయ్?" అన్నాడు గట్టయ్య తలుపు దగ్గర్నించి. "పొద్దుగాల మేడంకు ఏం చెప్పినవ్‌రా? గట్టయ్యను బంద్ చేసిన అనలే? అడిగితె నేనే ఇస్తుంటి గద నా నౌకరి. గిట్ల దొంగతనంగ ఎందుకు?"

బల్ల కింద వైర్ల చప్పుడు ఆగింది. వేణుమాధవ్ మెల్లగా బయటికొచ్చి తండ్రిని చూశాడు. తర్వాత గాజు తలుపులోంచి, ఇంకా కూర్చోకుండా నిలబడే ఉన్న గట్టయ్యలందరినీ చూశాడు. అతని ముఖం పాలిపోయింది.

"మేడం," అన్నాడు, "నేనే ఆపిన."

శ్రీలేఖ నుదురు పట్టుకుంది. గట్టయ్య వైపు తిరిగి, "ఈ మిషన్లు పెట్టిన కొత్తలో సరిగా పనిచేస్తున్నాయో లేదోనని మీవాడు ఉత్తుత్తి రిపోర్టులు పంపేవాడండీ. అన్నీ గట్టయ్య పేరుతోనే. ఒకరోజు గట్టయ్యకు ఆరోనెల, తల్లీబిడ్డా క్షేమం అని వచ్చింది నాకు. అవి నా దాకా రాకుండా చూడమన్నాను," అంది.

"గట్టయ్య అని పేరుంటె ఆపెయ్యమని నడుమ జల్లెడ పెట్టిన," అన్నాడు వేణుమాధవ్. "తప్పయితె ఎర్రలైటు అచ్చేది. చెప్పిన పని చేసింది గద, అందుకే పచ్చగున్నది. అసలు గట్టయ్యలు గూడ అస్తరని సోంచాయించలే."

"గిన్ని పేర్లుండంగ నా పేరే ఎందుకు పెట్టినవ్‌రా?"

"ఏదో ఒక పేరు కొట్టమంటె చేతికి నీ పేరే అచ్చింది బాపు."

వేణుమాధవ్ కుర్చీలో కూర్చుని ఆ జల్లెడ తీసేశాడు. మరుక్షణం హాల్లో ఒక ఫోను మోగింది, తర్వాత ఇంకొకటి, తర్వాత అన్నీ. రామగిరి గట్టయ్య తన రిపోర్టు చూసుకుని అల్లుడికి ఫోను కలిపి, తిన్నావా అని అడిగి పెట్టేశాడు.

గట్టయ్య రిపోర్టును శ్రీలేఖ స్వయంగా చదివింది. బీపీ లేదు, షుగర్ లేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. "మీ వయసులో ఇంత మంచి రిపోర్టు ఈమధ్య చూడలేదండీ," అంది.

ఇద్దరూ బండి మీద ఇంటికి బయల్దేరారు.

"నీ నౌకరి కోసం నిన్ను అన్‌ఫిట్ చేస్తనని నిజంగనే అనుకున్నవా బాపు?"

"అనుకున్న," అన్నాడు గట్టయ్య. "గుడ్డు గూడ తినలే."

ఇంటి ముందు జనం పోగై ఉన్నారు. గట్టయ్య బండి దిగి, ఫోను పైకెత్తి, తనకే రోగమూ లేదని చెప్పాడు. ఎవరూ సంతోషించలేదు. ఐలవ్వ కళ్ళు తుడుచుకుని, ఏమీ లేనిదానికి పొద్దంతా ఏడిపించావని లోపలికెళ్ళి తలుపు దభీమని వేసింది. సారవ్వ ముఖం చిన్నబోయింది.

"ఒక్కకాడనే చూపించుకుంటె ఎట్ల అన్నా? ఇంకో కాడ గూడ చూపించుకోరాదు," అని, మిఠాయి డబ్బా సంచిలో పెట్టుకుని బస్సుకు బయల్దేరింది.

బుచ్చన్న భుజం తట్టి, "పోనీ తియ్యి గట్టన్న, మల్లొక్కసారి చూద్దాం," అన్నాడు. ఆరోగ్యంగా ఉన్నందుకు గట్టయ్య ఆ సాయంత్రం ఇంటింటికీ సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది.

ఆ తర్వాత చాలా రోజులు గట్టయ్య నలుగురిలో ఉన్నప్పుడు దగ్గు వచ్చినా దగ్గలేదు; ఎవరికీ లేనిపోని ఆశలు కల్పించడం అతనికి ఇష్టం లేకపోయింది.