ముత్తయ్య షెడ్డులో దీక్ష

ఊళ్లో వార్త మోసిన అంజమ్మ ఏదీ కళ్లతో చూడలేదు. ఆమెకు బుచ్చయ్య చెప్పాడు. బుచ్చయ్యకు ప్రజ్ఞాపూర్ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే ఎవరో చెప్పారట. ఆ ఎవరో ఎవరన్నది బుచ్చయ్యకూ తెలియదు. అయినా మధ్యాహ్నానికల్లా వార్త ఊరంతా తిరిగి వచ్చింది.

"ముత్తయ్య ఇంట్ల ఎవలో తెలంగాణ కోసం దీక్షకు కూసున్నరట! నీళ్లు తప్ప ఏం ముట్టుతలేరట! మనిషో కోడో తెల్వది గని, ఒక ప్రాణమైతే కడుపు మాడ్సుకుంటున్నదట!"

నవ్వకండి. ఈ వార్తలో తప్పు చాలా తక్కువ. ఆ సంగతికి తర్వాత వద్దాం.

ముందు ఒక్క మాట ఒప్పుకోండి. కంపెనీ కోడి, అదే బ్రాయిలర్, మన పల్లెలకు దొరికిన వరం! కాదనేవాళ్లు ఒకసారి నాటుకోడిని గుర్తు చేసుకోండి. తెల్లారకముందే ఊరిని లేపుతుంది. పక్కింటి వడ్లు తింటుంది. పట్టుకోబోతే గోడ ఎక్కుతుంది. దానికి ఒక సొంత అభిప్రాయం ఉంటుంది! ఏడాది మేపినా కిలోన్నర దాటదు. అదేం కోడి?

మరి కంపెనీ కోడి? కూర్చోబెట్టిన చోట కూర్చుంటుంది. పెట్టింది తింటుంది. మొదట పిల్లల దాణా, తర్వాత పెరిగే దాణా, చివర ఫినిషర్. ఆ ఫినిషర్ అనే పేరులోనే దాని జాతకమంతా ఉంది, కానీ కోడికి ఇంగ్లీషు రాదు. గుప్పెట్లో పట్టే పిల్ల నలభై రెండో రోజుకు రెండు కిలోలు దాటుతుంది. తన బరువు తన కాళ్లే మోయలేక కూలబడుతుంది. కూలబడి కూడా తింటుంది! నీళ్లలో వాటా అడగదు. ఉద్యోగాలు అడగదు. ఇలాంటి జనం మన దగ్గర ఉంటే ఇన్ని ధర్నాలు, ఇన్ని రాస్తారోకోలు ఉండేవా చెప్పండి?

ఈ సత్యం తెలుసుకునే ముత్తయ్య కల్లుగీతకు తాళ్లెక్కే మోకును దూలానికి తగిలించి, జగదేవ్‌పూర్ దగ్గరున్న తన ఎకరం చెలకలో షెడ్డు వేశాడు. సకల జనుల సమ్మెకు రెండు వారాల ముందు మూడు వేల పిల్లలు దిగాయి. ఇదే అతనికి మొదటి బ్యాచ్.

ఒప్పందం ఎంత సులువో చూడండి. షెడ్డు ముత్తయ్యది. నీళ్లు ముత్తయ్యవి. కరెంటు ముత్తయ్యది, అది కూడా ఉన్నప్పుడు. కింద పరిచే ఊక ముత్తయ్యది. పిల్లలు, దాణా, మందులు కంపెనీవి. మరి కిలోకు ఇంతని కూలికి ముత్తయ్య పెంచిన కోడి ఎవరిది? కంపెనీది. చచ్చిన కోడి? అది మాత్రం అచ్చంగా ముత్తయ్యదే! అందులో కంపెనీ వాటా ఒక్క ఈక కూడా అడగదు. ఇంతకన్నా పెద్దమనసు ఎక్కడైనా ఉందా?

మూడు వేల కోళ్ల మధ్య తిరిగే ముత్తయ్య ఆదివారం పూట అరకిలో చికెన్ కోసం జగదేవ్‌పూర్ పోతాడు. సొంత షెడ్డులో కోడిని కోస్తే అది దొంగతనం కిందికి వస్తుంది మరి. మనిషికి కాస్త నడక మంచిదే కదా!

అంతా బాగానే ఉండేది. మధ్యలో సమ్మె వచ్చింది. బళ్లు బంద్, బస్సులు బంద్, రోడ్డు మీద లారీ కనిపిస్తే ఆపేస్తున్నారు. కోళ్లకు నలభై రెండు రోజులు నిండాయి. దాణా అడుగుకు వచ్చింది. కొత్త దాణా వచ్చే దారి లేదు, కోళ్లు పోయే దారి లేదు. బరువెక్కిన కోళ్లు రోజుకు ఇరవై, ముప్పై చొప్పున గుండె ఆగి చస్తూ ముత్తయ్య సొంతం అవుతున్నాయి. లారీ రెండు రోజుల్లో రాకపోతే షెడ్డు మొత్తం అతని సొంతమయ్యేలా ఉంది.

అప్పుడే కంపెనీ సూపర్‌వైజర్ శైలేందర్ ఫోన్ చేశాడు. ముత్తయ్య బావి దగ్గర ఉంటే భార్య స్వరాజ్యలక్ష్మి ఎత్తింది.

"అక్కా, రేపు సాయంత్రం లారీ పంపుతున్నం. పొద్దటిసంది దీక్షకు కూసోవెట్టున్రి. నీళ్లు తప్ప ఏం ముట్టనియ్యకున్రి. ఖాళీ కడుపుతోటి ఉంటెనే లారీ పని అయితది. సమజైందా?"

"సమజైంది సార్" అంది స్వరాజ్యలక్ష్మి. ఎందుకు సమజు కాదు? నెల రోజులుగా ప్రతి చౌరస్తాలో టెంటు, ప్రతి టెంటులో రిలే నిరాహార దీక్ష. పోస్టాఫీసు వాళ్లు కూర్చున్నారు, మంగలివాళ్లు కూర్చున్నారు, పెళ్లిళ్ల బ్యాండువాళ్లు వాయిద్యాలతో సహా కూర్చున్నారు. కోళ్ల రైతులే మిగిలారు.

భర్త రాగానే చెప్పింది. "రేపు నువ్వు దీక్షకు కూసోవాలెనట. కూసుంటెనే లారీ వస్తదట."

"కంపెనీకి తెలంగాణ మీద గంత ప్రేమ ఎప్పటిసంది?"

"నాకేం ఎర్క? నీళ్లు తాగొచ్చట. గంతవరకు నయమే."

తెల్లారి ముత్తయ్య చద్దన్నం కూడా ముట్టకుండా ప్రజ్ఞాపూర్ పోయి టెంటు కింద కూర్చున్నాడు. మెడలో బంతిపూల దండ పడింది. యాభై ఏళ్ల జీవితంలో పెళ్లి తర్వాత అదే రెండో దండ.

పన్నెండు గంటలకు సమ్మెలో ఉన్న పంతులు రాంచందర్ మైకు అందుకున్నాడు.

"నీళ్లు మనయి! జాగ మనది! బొగ్గు మనది, కరెంటు మనది! మరి పెత్తనం ఎవనిదిరా?"

"కంపెనీది!" అని అరిచాడు ముత్తయ్య. ఆకలి మీదున్న మనిషి గొంతు మైకు లేకుండానే చౌరస్తా దాటింది.

అందరూ తిరిగి చూశారు. రాంచందర్ ఒక్క క్షణం తడబడి, "గదే! పాత తెల్లోళ్ల కంపెనీ అసొంటిదే గీ పెత్తనం!" అని సర్దుకున్నాడు. చప్పట్లు మోగాయి. ముత్తయ్య మాత్రం తన షెడ్డు గురించే చెప్పాడు.

దీక్ష వృథా పోలేదు. నాలుగింటికి నిమ్మరసం తాగించి, రాంచందర్ తన చేత్తో చీటీ రాసిచ్చాడు: కోళ్ల లారీని పోనివ్వాలి, ఆరులోపు చౌరస్తా దాటాలి, రేపటినుంచి మళ్లీ బంద్. చౌరస్తాలో ఆపేసిన కంపెనీ లారీలోనే, డ్రైవర్ నిస్సార్ పక్కన, మెడలో దండతో ముత్తయ్య ఊళ్లోకి వచ్చాడు. ఎన్నికల్లో గెలిచినవాడు కూడా అంత దర్జాగా రాడు!

షెడ్డు దగ్గర స్వరాజ్యలక్ష్మి ఊరికే కూర్చుందా? మనిషి పస్తుంటే నోరులేని జీవాలైనా తిననీ అనుకుని, మిగిలిన ఫినిషర్ బస్తాలన్నీ విప్పింది. పోయే కోళ్లు బరువు తూగితే మంచిదే కదా అని గిన్నెలు ఖాళీ కాకుండా రోజంతా నింపుతూనే ఉంది.

శైలేందర్ బైకు దిగి ఒక కోడిని ఎత్తాడు. మెడ కింద చెయ్యి పెట్టి చూశాడు. నింపిన గోనెసంచిలా బిగిసి ఉంది మేత సంచి. రెండోదీ అంతే. పదోదీ అంతే.

"ఏందక్కా గిది? దీక్షకు కూసోవెట్టుమని చెప్పలే?"

"కూసోవెట్టిన గద సార్! గా దండ జూడు!"

శైలేందర్ దండను చూశాడు, ముత్తయ్యను చూశాడు, నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"దీక్షంటే కోళ్లకు! దాణా బందువెట్టుడు! సమ్మె షురూ అయినకాంచి అన్ని షెడ్లల్ల గట్లనే అంటున్నం, నవ్వుకోనీకి!"

"అన్ని షెడ్లల్ల నవ్వుతె మాకేం ఎర్క? మాది మొదటి బ్యాచే."

"నిండు కడుపుతోటి ఎత్తితే సగం దారిలనే చస్తయి. కంపెనీ గేటుకాడ లోపలికి రానియ్యరు. ఇంక ఎనిమిది గంటలు ఆగాలె."

"ఎనిమిది గంటలా?" నిస్సార్ లారీలోంచి తల బయట పెట్టాడు. "సాబ్, ఆరు దాటితే చౌరస్తాల నా అద్దం పలగ్గొడ్తరు. చీటీ కాదు, వాళ్ల అబ్బాజాన్ వచ్చినా ఇడువరు. ఎక్కిస్తరా, ఖాళీగ పోవాల్నా?"

షెడ్డులో గింజ దాణా లేదు. రేపు లారీ లేదు. మిగిలిన కోళ్లు మాత్రం హాయిగా, సంతృప్తిగా, ఏ ఉద్యమంతోనూ సంబంధం లేకుండా కునుకుతున్నాయి.

"నేనేం జెయ్యలేను ముత్తన్నా" అన్నాడు శైలేందర్, బైకు తాళంచెవి తీస్తూ. "రూలు రూలే. ఖాళీ కడుపునే కాంటా మీద జోకాలె."

ముత్తయ్య చెప్పులు విడిచి, దండ సర్దుకుని, కోళ్ల కోసం తెచ్చిన కాంటా మీదికి ఎక్కి నిలబడ్డాడు.

"పొద్దటిసంది ఈడ ఖాళీ కడుపు గిదొక్కటే. జోకు, సారు. జోకి, లారీల ఎయ్యి."