తోడేళ్ళు లేని మండలం

తెల్లచొక్కాకి నీలిమందు ఎక్కువైందని మండలాధ్యక్షుడు నాగేంద్రబాబుగారు, కాలేదని ఆయన భార్య లక్ష్మీదుర్గ పొద్దున్నే వాదించుకున్నారు. ఆయన ఆ చొక్కాతోనే సభకి వెళ్ళి, తన మండలంలో ఒక్క తోడేలు కూడా లేదని, ఉందని రుజువైతే రాజీనామా చేస్తానని మైకులో ప్రకటించారు.

ఆయనంతటి మనిషి తోడేళ్ళ మీద నోరు చేసుకోవడానికి కారణం ఆదెమ్మ. వాళ్ళింట్లో మిరపకాయలకి తొడిమలు తీసే మనిషి. తన ఐదు మేకల్లో మూడింటిని పదిరోజుల్లో తోడేళ్ళు ఎత్తుకుపోయాయని అర్జీ పెట్టింది. కూతురు ఫెబా నర్సింగు చదువు ఇక మిగిలిన రెండింటి మీదే ఉంది.

తోడేళ్ళు పడమటి మండలానివి కాబట్టి ఏడురోజుల్లో వాటిని వెనక్కి పిలిపించుకోవాలని నాగేంద్రబాబుగారు అక్కడి అధ్యక్షుడికి ఉత్తరం రాశారు. జవాబు వెంటనే వచ్చింది. తోడేళ్ళు తమ దగ్గర్నించి వెళ్ళిన మాట నిజమేనట. హైవే కింద మీరు పట్టుబట్టి వేయించిన తూముల్లోంచే దాటాయట. పిల్లలు మీ గడ్డమీదే పుట్టాయి గనక అవి మీకు లోకల్ అట.

ఆ తూములు ఎవరికో ఒకరికి పనికొచ్చినందుకు నాగేంద్రబాబుగారు లోలోపల సంతోషించారు.

పిల్లలు ఎక్కడ పుట్టాయో మర్నాడు ఆదెమ్మ వచ్చి లక్ష్మీదుర్గ చెవిన వేసింది.

"మీ పత్తిచేలోనేనమ్మా. నాలుగు. నా కళ్ళతో చూశా."

ఆ ఐదెకరాల పత్తినీ పురుగు తినేసింది. ఎప్పుడో పీకేయాల్సిన కట్టె, అధికారులొచ్చి నష్టం రాసుకునేదాకా ఉండాలని వేసవిలోనూ నిలబడే ఉంది. కట్టె పీకిస్తే తోడేళ్ళు వాటంతటవే పోతాయని లక్ష్మీదుర్గ భర్తకి చెప్పింది.

"పీకిస్తే పంట పోయిందనడానికి సాక్ష్యమేది?"

"ఉంచితే తోడేళ్ళున్నాయనడానికి సాక్ష్యమవదా అండీ?"

ఆయన రెండురోజులు దీర్ఘంగా ఆలోచించారు. అంత ఆలోచించే నాయకుడు దొరకడం మండలం చేసుకున్న పుణ్యం.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర, పప్పులో నెయ్యి కలుపుకుంటూ, భార్యకీ తల్లి గురవమ్మగారికీ తన నిర్ణయం వినిపించారు. అవి తోడేళ్ళు కావు, ఊరకుక్కలు. రేపు పత్తిచేలో వాటికి టీకాల శిబిరం. పశువుల డాక్టరు ఒప్పుకున్నాడు, పేపరువాళ్ళు ఫొటోగ్రాఫర్ని కూడా పంపుతున్నారు.

అవి మనుషుల దగ్గరికి ఎలా వస్తాయని లక్ష్మీదుర్గ అడిగింది.

"ఎందుకు రావు? ఆ రెండు మేకల్నీ తోలుకురమ్మని ఆదెమ్మకి కబురు పెట్టాను," అన్నారాయన.